స్వయంశిక్షణ – 3వ పాఠం: తప్పు వచ్చాక పుట్టే మొదటి మాట

తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుందనే నమ్మకాన్నీ, సాధనతో పెరుగుతుందనే నమ్మకాన్నీ కిందటి పాఠంలో చూశాం. నమ్మకం మార్చుకోమని చెప్పడం తేలికే. ఎక్కడ పట్టుకుని మార్చాలి? తప్పు వచ్చిన మరుక్షణం మనలో మనం అనుకునే మాట దగ్గర.

1978లో అమెరికాలో కరోల్ డైనర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు కొన్ని ప్రశ్నలిచ్చి, చేస్తున్నప్పుడు మనసులో ఏముందో పైకి చెబుతూ ఉండమన్నారు. మొదటి ప్రశ్నలు అందరూ ఇంచుమించు ఒకేలా చేశారు. తర్వాత వాళ్ల వయసుకు మించినవి ఇచ్చారు. కొందరు వెంటనే తమకు తెలివి లేదని, జ్ఞాపకశక్తి లేదని అనడం మొదలుపెట్టారు. అప్పటిదాకా వాడిన మంచి పద్ధతులనూ వదిలేశారు. మిగతావాళ్లకూ తప్పులే వచ్చాయి, కానీ వాళ్లు కారణాల జోలికి పెద్దగా పోలేదు. ఇప్పుడేం చేయాలో తమకు తామే చెప్పుకున్నారు. నాకు ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఇదే: రెండో గుంపు తమమీద తామే తీర్పు చెప్పుకోలేదు. ఎక్కువగా పనిగురించే మాట్లాడారు.

ఇక సాధన. మీకు కష్టంగా ఉన్న అధ్యాయం నుంచి ఒక లెక్క చేయండి. తప్పు వస్తే, జవాబు చూడకముందే మనసులో వచ్చిన మాటను ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో రాయండి. ‘నాకు లెక్కలు రావు’ అని వచ్చిందనుకోండి. అది మీమీద తీర్పు. ఇప్పుడు లెక్కను వరుస వరుసా చూస్తూ తప్పెక్కడుందో పట్టుకుని, ఆ మాట కిందే రాయండి: ‘రెండో వరుసలో బ్రాకెట్ విప్పేటప్పుడు మైనస్ గుర్తు వదిలేశాను. ఈసారి ముందు గుర్తులు రాసి, ఆ తర్వాతే అంకెలు రాస్తాను.’

‘ఇంకా కష్టపడాలి’ అని రాస్తే సరిపోదు. పనికిరాని పద్ధతినే పదిసార్లు చేయడమూ కష్టపడటమే. ఫలితం లేని శ్రమను ఊరికే మెచ్చుకోవద్దని డ్వెక్ కూడా హెచ్చరించారు.

అద్భుతాలు ఆశించకండి. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. తెలివి సాధనతో పెరుగుతుందని చెప్పే గంటలోపు ఆన్‌లైన్ పాఠంతో, చదువులో వెనుకబడ్డవాళ్ల గ్రేడ్ సగటు 0.1 పాయింటు పెరిగింది. చిన్న మార్పే, కానీ నిజమైన మార్పు.

వచ్చే పాఠానికి ఇలాంటి అయిదు జంట వాక్యాలు రాసి ఉంచుకోండి. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే తప్పును ఎలా గుర్తుపట్టాలో అప్పుడు చూద్దాం.