గదిలో పెంచే మిరప ఆకులు పసుపుబారి రాలుతుంటే కారణం ఎలా పట్టుకోవాలి

ఆకు పసుపుబారిందనగానే చెయ్యి ఎరువు డబ్బా మీదికి పోతుంది. దాన్ని కాసేపు ఆపండి. లైటు కింద కుండీలో పెరిగే మిరపకు తిండి తక్కువై ఆకు పండటం కంటే, వేళ్లు దెబ్బతిని ఉన్న తిండిని అందుకోలేకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. అలాంటి కుండీలో మళ్లీ ఎరువు పోస్తే లవణాలు పేరుకుని మిగిలిన వేళ్లు కూడా కాలిపోతాయి.

ముందు రెండు సంగతులు చూసి రాసుకోండి. పసుపు ఎక్కడ మొదలైంది, కింది ముదురాకుల్లోనా పై చిగుళ్లలోనా? రాలిన ఆకు పసుపుగా రాలిందా, పచ్చగా ఉండగానే రాలిందా? సగం కారణాలు ఈ రెండు జవాబులతోనే పక్కకు తప్పుకుంటాయి. మొలకెత్తినప్పుడు వచ్చిన బీజదళాలు, నీడలో పడిపోయిన ఒకటి రెండు అడుగు ఆకులు పండి రాలడం మామూలే, దానికి మందు వెతకక్కర్లేదు.

ముందు నీరు, వేళ్లు

కుండీని రెండు చేతులతో ఎత్తి చూడండి. నిండా నీరు పోసిన రోజు బరువెంతో చేతికి గుర్తుంటే, ఏ మీటరూ అంత నమ్మకంగా చెప్పదు. ఆకులు వేలాడుతున్నాయి, కుండీ బరువుగా ఉంది, మట్టి తడిగా ఉంది అంటే అది దాహం కాదు, వేళ్లకు గాలి ఆడటం లేదు. ఆకులు వేలాడుతూ కుండీ తేలికగా ఉండి, మట్టి అంచుల నుంచి విడిపోయి సందు కనిపిస్తుంటే అది దాహం. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే వాడిపోయిన మొక్కకు వెంటనే నీళ్లు పోసేవాళ్లు సగంసార్లు దాన్ని ముంచేస్తారు.

అనుమానంగా ఉంటే మొక్కను మట్టిముద్దతో సహా మెల్లగా బయటికి జార్చి చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా లేదా లేత మీగడ రంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమరంగుకు తిరిగి మురుగు వాసన కొడుతుంది. వేళ్లతో లాగితే పై తొడుగు ఊడి లోపల దారంలాంటి పోగు మిగులుతుంది. కుళ్లు కొద్దిగా ఉంటే ఆ వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, మూడో వంతు పెర్లైట్ (నీరు నిలవనివ్వని తేలికైన తెల్ల గుళికలు) కలిపిన కొత్త మిశ్రమంలో, మిగిలిన వేళ్లకు సరిపడే చిన్న కుండీలో నాటండి. పెద్ద కుండీ మొక్కకు సుఖమనుకోవడం పొరపాటు. వేళ్లు అందుకోని తడి రోజుల తరబడి అలాగే నిలిచి మళ్లీ కుళ్లు తెస్తుంది. పైన రెండు అంగుళాల మిశ్రమం ఆరేదాకా మళ్లీ నీరు పోయకండి. పళ్లెంలో నిలిచిన నీటిని అరగంటలో పారబోయండి.

కొబ్బరిపీచు పొట్టుతో చేసే, అసలు తడవనంతగా ఎండిన కోకోపీట్‌కు పైనుంచి పోసిన నీరు అంచుల వెంట జారి కిందికి పోతుంది, మధ్యలో పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కుండీని అరగంటసేపు నీళ్ల తొట్టిలో ఉంచి కింది నుంచి పీల్చుకోనివ్వాలి.

పోషకాల లోపమైతే

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదులుతాయి. కొరత వస్తే మొక్క ముదురాకుల నుంచి లాగి చిగురుకు పంపుతుంది, కాబట్టి ముందు కింది ఆకులే పాలిపోతాయి. ఇనుము, కాల్షియం, బోరాన్ దాదాపు కదలవు, అందుకే వాటి లోపం లేతాకుల్లో కనిపిస్తుంది.

కింది ఆకులు ఈనెలతో సహా ఒకే తీరుగా పసుపుబారి, తేలిగ్గా ఊడిపోతే నత్రజని తక్కువ. 19-19-19 లాంటి నీటిలో కరిగే ఎరువు లీటరుకు 1 గ్రాము చొప్పున వారానికోసారి తడి మట్టి మీద పోస్తే చాలు. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 1 గ్రాము నీళ్లలో కలిపి పోయండి, లేదా 5 గ్రాములు కలిపి ఆకులపై చల్లండి. అంచులే మాడినట్లు గోధుమరంగుకు తిరిగితే ఆలోచన పొటాష్ వైపు పోవాలి. కాకపోతే లవణాలు ఎక్కువైనా అంచులు అలాగే మాడతాయి, అది తేల్చుకున్నాకే పొటాష్ పోయాలి.

కోకోపీట్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కడగని, కాల్షియంతో సిద్ధం చేయని కోకోపీట్ తనలోని సోడియం, పొటాష్‌ను వదిలి, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. మీరు లెక్క ప్రకారమే పోస్తున్నా మొక్కకు చేరదు. దానికితోడు ఆర్‌ఓ నీరు వాడితే ఆ రెండూ నీళ్లలో దాదాపు ఉండవు, కాబట్టి కాల్షియం, మెగ్నీషియం విడిగా ఇవ్వక తప్పదు.

చిగురాకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి లేత పసుపుకు, ముదిరితే తెలుపుకు తిరిగితే ఇనుము అందడం లేదు. ఇక్కడ ఇనుము లేకపోవడం అరుదు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగి అది కరగకపోవడమే మామూలు కారణం. కఠినమైన (సున్నపు లవణాలున్న) నీరు నెలల తరబడి పోస్తే అందులోని బైకార్బొనేట్లు పీహెచ్‌ను పైకి నెడతాయి. తాత్కాలికంగా లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లితే చిగురు పచ్చబడుతుంది. ముందు ఒక ఆకు మీద చల్లి రెండు రోజులు చూడండి. నీటి పీహెచ్ దిద్దనంతకాలం ఇది వారం వారం చేసే పనే అవుతుంది.

పీహెచ్ ఊహతో తేలదు, కొలవాలి. కుండీకి బాగా నీరు పెట్టి 30 నుంచి 60 నిమిషాలు ఆగండి. పళ్లెం ఖాళీ చేసి, పైనుంచి మెల్లగా డిస్టిల్డ్ వాటర్ పోస్తూ అడుగున సుమారు 50 మి.లీ. పట్టండి. అందులో పీహెచ్, ఈసీ (కరిగిన లవణాలను చూపే విద్యుత్ వాహకత) చూడండి. మట్టి మిశ్రమంలో పీహెచ్ 6.0 నుంచి 6.8, కోకోపీట్‌లో 5.8 నుంచి 6.3 ఉంటే మిరపకు ఇబ్బంది లేదు. ఈసీ 3.5 mS/cm దాటితే లవణాలు పేరుకున్నట్లే. కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల నీటితో కడిగి, ఆరనిచ్చి, సగం మోతాదు ఎరువుతో మళ్లీ మొదలుపెట్టండి. మీటరును కొలిచే ముందు, విలువ ముందే తెలిసిన బఫర్ ద్రావణంతో సరిచూసుకోండి. తప్పు చూపే మీటరు కంటే మీటరు లేకపోవడమే నయం.

ఎరువుతో పనిలేని కారణాలు

లైటుకు దగ్గరున్న పై ఆకులే పాలిపోయి, నీడలో ఉన్నవి పచ్చగా ఉంటే అది లోపం కాదు, వెలుతురు ఎక్కువైంది. ఎల్ఈడీని 10 నుంచి 15 సెంటీమీటర్లు పైకి జరపండి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు చాలు. పక్కన టమాటా, వంగ కూడా పెట్టి 24 గంటలూ లైటు వేసి ఉంచితే, మిరప కంటే ముందు వాటి ఆకులే మచ్చలు మచ్చలుగా పసుపుబారతాయి.

పచ్చి ఆకులు ఒక్కసారిగా రాలితే ఎరువు లెక్కలన్నీ పక్కన పెట్టండి. అది దెబ్బ తగిలిన మొక్క చేసే పని: ఏసీ గాలి నేరుగా తగలడం, రాత్రి 12 డిగ్రీల కిందికి చల్లబడటం, బాగా ఎండాక ఒక్కసారిగా ముంచడం. గ్యాస్ సరిగా మండని పొయ్యి, మగ్గుతున్న పండ్ల బుట్ట పక్కనున్నా ఇథిలిన్ అనే వాయువు వల్ల ఆకులు రాలతాయి. చాలామందికి తట్టని కారణమిది.

ఇక పురుగులు. గదిలో వాన తగలదు, వాటిని తినే మిత్రపురుగులు ఉండవు, గాలి పొడిగా ఉంటుంది. ఎర్రనల్లికి ఇంతకంటే ఏం కావాలి? ఆకు పైన సూదితో పొడిచినట్లు లేత చుక్కలు, అడుగున సన్నని సాలెగూడు కనిపిస్తాయి. ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టండి. రాలిన చుక్కలు నడిస్తే నల్లే. తామర పురుగులుంటే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, తెల్లనల్లి ఉంటే కిందికి. తెల్లనల్లి కంటికి ఆనదు, భూతద్దం కావాలి. ఆకుల అడుగు భాగాన్ని నీటిధారతో కడిగి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. ద్రవసబ్బు కలిపి లైట్లు ఆర్పాక చల్లండి. గుడ్ల మీద ఇది సరిగా పనిచేయదు కాబట్టి 5 రోజుల తేడాతో కనీసం మూడుసార్లు చేయాలి. నల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం బాగా పనిచేస్తుంది, కానీ వేపనూనె చల్లిన రెండు వారాల్లోపు గంధకం వాడితే ఆకులు కాలతాయి.

ఏది చేసినా ఒకసారికి ఒకటే మార్చి వారం పది రోజులు ఆగండి. పండిన ఆకు మళ్లీ పచ్చబడుతుందని ఎదురుచూడకండి, చికిత్స ఫలించిందో లేదో కొత్తగా వచ్చే ఆకులు చెబుతాయి.

కొత్త ఆకులే ముదురు, లేత పచ్చ మచ్చలతో, వంకర తిరిగి, ఎంతకీ సర్దుకోకుంటే అది వైరస్ కావచ్చు. దానికి మందు లేదు. మొక్కను సంచిలో కట్టి పారేయండి, ఎరువు గుంతలో వేయకండి. పొగాకు మొజాయిక్ లాంటి వైరస్‌లు చేతుల మీద, కత్తెర మీద కూడా పక్క మొక్కకు పోతాయి కాబట్టి, రెండో కుండీ ముట్టుకునే ముందు రెండింటినీ సబ్బుతో బాగా కడుక్కోండి.