వారంటీ పోకుండా ఇంటి కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ వేసుకోవడం ఎలా?

సి డ్రైవ్ ఎర్రబడింది. స్విచ్ వేసి టీ పెట్టుకుని వచ్చినా విండోస్ ఇంకా తిరుగుతూనే ఉంది. కొని ఏడాదే అయింది, వారంటీ ఇంకా రెండేళ్లు ఉంది. హార్డ్‌డిస్క్ కన్నా చాలా వేగంగా నడిచే స్టోరేజీ డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీ వేయమని విశాఖ ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా "పది నిమిషాల పని సార్, ఇప్పుడే వేసి ఇచ్చేస్తాం" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, బిగించడం చిన్న పనే. అయితే వారంటీ దగ్గర గొడవ వచ్చేది బిగించడంలో కాదు, అంతకు ముందు అడగకపోవడం వల్ల, ఆ తర్వాత కాగితాలు దాచుకోకపోవడం వల్ల. అందుకే ఈ వ్యాసంలో స్క్రూడ్రైవర్ కాస్త ఆలస్యంగా వస్తుంది.

ముందు మీది ఎలాంటి కంప్యూటరో చూసుకోండి. షాపులో అసెంబుల్ చేయించుకున్నదైతే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. అందులో మదర్‌బోర్డుకు, ర్యామ్‌కు, పవర్ సప్లైకి దేని వారంటీ దానిదే. సైడ్ ప్యానెల్ తీసినంత మాత్రాన ఆ కంపెనీలకు పట్టింపు ఉండదు. కాకపోతే కొందరు షాపువాళ్లు క్యాబినెట్ వెనక స్క్రూ మీద తమ స్టిక్కర్ అంటిస్తారు. అది షాపు ఇచ్చే సర్వీసుకు సంబంధించింది. ఒకసారి ఫోన్ చేసి "అన్నా, ఎస్‌ఎస్‌డీ వేసుకుంటున్నా, స్టిక్కర్ తీయొచ్చా?" అని అడిగి, ఆ మాటే వాట్సాప్‌లో కూడా రాయించుకుంటే సరిపోతుంది.

బ్రాండెడ్ డెస్క్‌టాప్ లేదా ల్యాప్‌టాప్ అయితే ఇలా చేయండి.

1. అడిగి, రాతలో జవాబు తీసుకోండి

వారంటీ కార్డులో మీరు వెతకాల్సినవి రెండు: కస్టమర్ సొంతంగా మార్చుకోదగిన భాగాల జాబితా ఉందా, అధీకృత టెక్నీషియన్ తప్ప ఎవరూ తెరవకూడదని ఉందా. లెనోవో, హెచ్‌పీ, డెల్ లాంటి కంపెనీలు చాలా మోడళ్లకు సర్వీస్ మాన్యువల్‌ను తమ సైట్లలోనే పెడతాయి. ఏ స్క్రూ ముందు విప్పాలో, డిస్క్ ఎక్కడుంటుందో అందులో బొమ్మలతో సహా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) పోర్టల్‌లో కూడా కొన్ని కంపెనీల సర్వీసు వివరాలు దొరుకుతాయి.

తర్వాత కంపెనీ సపోర్టుకు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో "నో ప్రాబ్లం సార్" అన్న మాట రేపు ఎవరికీ గుర్తుండదు. మెయిల్ పెద్దగా రాయక్కర్లేదు: "నా మోడల్ ఇది, సీరియల్ నంబరు ఇది. ఖాళీగా ఉన్న ఎం.2 స్లాట్‌లో నేనే ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే మిగతా భాగాల వారంటీ కొనసాగుతుందా?" (ఎం.2 అంటే పలకలాంటి సన్నటి ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డులోకి దూరే స్లాట్.) జవాబు, టికెట్ నంబరు సేవ్ చేసుకోండి. సాధారణంగా వచ్చే సమాధానం ఒకటే: వారంటీ ఉంటుంది, కానీ మీరు వేసిన భాగానికీ, వేసేటప్పుడు జరిగిన డ్యామేజీకీ మా బాధ్యత లేదు. అది న్యాయమే.

యూట్యూబ్‌లో అమెరికావాళ్లు "ఆ స్టిక్కర్ చెల్లదు, పీకేయండి" అంటుంటారు. వాళ్లకు 1975 నాటి వారంటీ చట్టం ఉంది, స్టిక్కర్ల విషయంలో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2018లో కంపెనీలను హెచ్చరించింది కూడా. ఆ ధైర్యం చూసి విశాఖలో సీల్ పీకొద్దు. ఇక్కడ మీ వారంటీ కార్డులో ఉన్నదే ముందు చూస్తారు.

కంపెనీ తెరవొద్దంటే? వాళ్ల సర్వీస్ సెంటర్‌లోనే వేయించుకుని, జాబ్ షీట్ మీద రాయించుకోండి. అదీ వద్దనుకుంటే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి. ఫొటోలు, సినిమాలు, పిల్లల ప్రాజెక్టులు దాచుకోవడానికే అయితే నా సలహా ఎప్పుడూ ఇదే. 5 జీబీపీఎస్ యూఎస్‌బీ పోర్టు మీద కూడా అది మామూలు హార్డ్‌డిస్క్ కన్నా బాగా వేగంగా నడుస్తుంది, ఒక్క స్క్రూ కూడా కదలదు.

2. ఏది పడుతుందో చూసి కొనండి

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర డిస్క్ మీద నొక్కితే ఇప్పుడున్నది హార్డ్‌డిస్కో ఎస్‌ఎస్‌డీయో చెబుతుంది. ఖాళీ స్లాట్ సంగతి మాత్రం మాన్యువల్‌లోనే చూడాలి. సాటా అనే పాత కనెక్షన్‌తో నడిచే 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. దానికన్నా కొత్తదైన ఎన్‌వీఎంఈ రకం మూడో తరంలోనే 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. పాత హార్డ్‌డిస్క్ నుంచి మారేవాళ్లకు ఈ రెండింటి మధ్య తేడా రోజువారీ పనిలో పెద్దగా తెలియదు, కాబట్టి ఉన్న స్లాట్‌కు సరిపోయేదే తీసుకోండి.

మోసపోయేది ఇక్కడే: ఎం.2 ఆకారంలో ఉన్నవన్నీ ఎన్‌వీఎంఈ కావు, అదే ఆకారంలో సాటావీ ఉంటాయి. పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు, కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో 2242, 2230 మాత్రమే పడతాయి. డెస్క్‌టాప్‌లో సాటా వేస్తుంటే డేటా కేబుల్ విడిగా కొనాల్సి రావచ్చు. స్టోరేజీ బోర్డుకే సోల్డర్ చేసి ఉన్న మెషీన్లలో, ఈఎంఎంసీ అనే స్టోరేజీ చిప్ ఉన్న చవక ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఇంతే, లోపల వేరే స్లాట్ లేకపోతే ఎక్స్‌టర్నలే గతి.

బిల్లు మీద ఎస్‌ఎస్‌డీ సీరియల్ నంబరు రాయించుకోండి. దానికి విడిగా మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఉంటుంది, జీఎస్‌టీ తగ్గిస్తామని బిల్లు లేకుండా కొంటే అదీ పోయినట్టే.

3. బ్యాకప్, ఆపైన బిట్‌లాకర్ కీ

ముఖ్యమైన ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు కాబట్టి, రెండో కాపీ క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో ఉంటే ఇంకా మంచిది. విండోస్ 11 మెషీన్లలో మీకు తెలియకుండానే బిట్‌లాకర్‌తో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే డేటాకు తాళం పడి ఉండొచ్చు. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకున్నాకే ముందుకెళ్లండి. హార్డ్‌వేర్ మారినప్పుడు మెషీన్ ఆ కీ అడిగితే, అది లేనివాళ్ల డేటా లోపలే ఉండిపోతుంది.

4. తెరిచి బిగించడం

షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే కవర్ తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. తెరిచే ముందు, తెరిచాక ఫొటోలు తీసుకోండి. సీల్ ఉందో లేదో, లోపల ఏదీ విరగలేదని రేపు చూపించడానికి అవే సాక్ష్యం.

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ భయం కాస్త తక్కువే, అయినా ఏసీ గదిలో ఉంటే క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోండి. మనకు అసలు బెడద చెమట. చేతులు తుడుచుకుని, ఎస్‌ఎస్‌డీని అంచులతో పట్టుకోండి, బంగారు రంగు పిన్నులను తాకొద్దు. బీచ్ వైపు ఇళ్లవాళ్లు మెషీన్ విప్పి రాత్రంతా అలా వదిలేయకండి, ఉప్పుగాలి మంచిది కాదు.

ఎం.2 ఎస్‌ఎస్‌డీని కాస్త ఏటవాలుగా స్లాట్‌లోకి నెట్టాలి. గాడి ఒకవైపే కలుస్తుంది. కలవకపోతే బలవంతం చేయొద్దు. సరిగ్గా కూర్చుంటే వదిలేయగానే రెండో కొస పైకి లేచి నిలబడుతుంది, పాడైందేమో అని కంగారుపడకండి, అది అలాగే ఉండాలి. వేలితో కిందికి వంచి, చివర ఉన్న చిన్న స్క్రూ బిగించండి. ఆ స్క్రూ బియ్యపు గింజ కంటే చిన్నది, మంచం మీద కూర్చుని ఈ పని చేయకండి. స్క్రూ బోర్డుకే బిగించి ఉందేమో చూడండి, అసెంబుల్ చేయించుకున్నదైతే మదర్‌బోర్డు డబ్బాలో ఉండొచ్చు.

5. విండోస్‌లో

అదనపు డ్రైవ్‌గా వేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, జీపీటీ (డిస్క్‌ను విభజించే కొత్త పద్ధతి) ఎంచుకుని ఇనిషియలైజ్ చేసి, కొత్త వాల్యూమ్ తయారుచేస్తే అయిపోతుంది. 1 టీబీకి 931 జీబీ చూపిస్తే షాపువాడు మోసం చేసినట్టు కాదు, విండోస్ లెక్క అంతే.

విండోస్‌నే కొత్తదాంట్లోకి మార్చాలంటే క్లోనింగ్, అంటే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయాలి. క్లోన్‌జిల్లా ఉచితం, చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ టూల్ కూడా ఇస్తాయి. బిట్‌లాకర్ ఉంటే ముందు ఆఫ్ చేయండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి. పూర్తయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ తీసేయండి, రెండూ ఉంటే విండోస్ తికమక పడుతుంది.

6. పాత డిస్క్ పారేయొద్దు

కంపెనీతో వచ్చిన డిస్క్‌ను వారంటీ ముగిసేదాకా కవర్లో పెట్టి దాచండి, ఓఎల్‌ఎక్స్‌లో అమ్మేయకండి. మెషీన్ సర్వీస్‌కు ఇవ్వాల్సి వస్తే మీ ఎస్‌ఎస్‌డీ తీసి, పాతదే వేసి ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీలో ఉన్న మీ డేటా వాళ్ల చేతికి వెళ్లదు, బయటి భాగం వల్లే పాడైందన్న మాటా రాదు. ఎస్‌ఎస్‌డీతోనే ఇస్తుంటే దాని సీరియల్ నంబరు జాబ్ షీట్‌లో రాయించండి.

అయినా కీబోర్డు పాడైందని వెళ్తే "మీరు ఎస్‌ఎస్‌డీ వేశారు, వారంటీ లేదు" అంటే, ఏ నిబంధన కింద కాదంటున్నారో రాసివ్వమని అడగండి. మొదట్లో తెచ్చుకున్న మెయిల్ చూపించండి. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, మెయిల్, ఫొటోలు, బిల్లు, జాబ్ షీట్ జత చేసి ఫిర్యాదు పెట్టండి.