మలద్వారం దగ్గర గడ్డ కోసి చీము తీశాక: ఇంట్లో వచ్చే తిప్పలు, వాటికి దారులు

విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద పని నాది. పొద్దస్తమానం బండి మీదే. నడివేసవిలో మలద్వారం పక్కన గడ్డ లేచింది. కూర్చోలేక, పడుకోలేక నాలుగు రోజులు ఓర్చుకుని, చివరికి నెల్లూరు వెళ్ళి కోయించుకున్నా. డిశ్చార్జి కాగితం మీద "రోజూ కట్టు మార్చుకోవాలి" అని ఒక్క ముక్క ఉంది. చోటు నలుగురిలో చెప్పుకునేది కాదు గదా, సిగ్గుపడి ఇంకేమీ అడగలేదు. అడగనందుకే రెండోసారి కత్తి కిందికి పోవాల్సి వచ్చింది. ఆ రెండోసారి కట్లు కట్టే గదిలో సిస్టరమ్మ కూర్చోబెట్టి చెప్పినవి, నేను పడి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నా. మీ డాక్టరు వేరే మాట చెబితే ఆ మాటే వినండి.

పుండు తెరిచే ఉంది, కుట్లు వేయలేదు

మొదటిరోజు కట్టు విప్పి మా ఆవిడ కంగారుపడింది. "ఏందయ్యా ఇది, కుట్లే ఎయ్యలేదే!" అంది.

వేయకూడదు కాబట్టే వేయలేదు. ఈ గడ్డ చాలావరకు మలద్వారం లోపలి గోడలో ఉండే చిన్న గ్రంథి మూసుకుపోయి, చీము పట్టి, బయటికి దారి వెతుక్కుంటే వస్తుంది. కుట్లేస్తే మిగిలిన చీము లోపలే ఉండిపోతుంది. పుండు అడుగు నుంచి కండ పూడుకుంటూ పైకి రావాలి. లోతును బట్టి 3 నుంచి 8 వారాలు పడుతుంది. పైన చర్మం తొందరపడి అతుక్కుంటే లోపల గుల్ల మిగిలి అందులో మళ్ళీ చీము చేరుతుంది. నాకు జరిగింది అదే. పదో రోజుకి పైన మూసుకుంది. మానిపోయిందని సంతోషపడి కట్టు ఆపేశా, చూపించుకోవడానికీ వెళ్ళలేదు. ఇంకో వారానికి అదే చోట సలుపు మొదలైంది.

కాబట్టి నొప్పి తగ్గినా రమ్మన్న రోజున వెళ్ళి చూపించుకోండి. లోపల గాజుగుడ్డ పెట్టమని చెప్పి ఉంటే దాని కొస పుండు అంచులు అతుక్కోకుండా వదులుగా ఉంటే చాలు, కుక్కి కుక్కి నింపకూడదు. కొందరు డాక్టర్లు లోపల ఏమీ పెట్టరు, పైన కప్పితే చాలంటారు. మీకు ఏ పద్ధతో ఇంటికి రాకముందే అడగండి. పుండు ఎర్రగా ఉంటే కండ బాగా పడుతున్నట్టు. పైన పల్చటి పసుపు పొర కనబడినా చీమనుకుని గోకకండి.

గుడ్డ అంటుకుపోయి, తీస్తే ప్రాణం పోతోంది

రసి ఎండి గుడ్డ పుండుకి పట్టేస్తుంది. పొడిగా లాగితే కొత్త కండ కూడా ఊడొస్తుంది. డాక్టరు రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు వేసుకుని, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోండి. గుడ్డ నాని దానంతటదే వదులుతుంది.

ఈ టబ్బు స్నానమే అన్నిటికన్నా మేలు చేసింది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, మోచేత్తో చూస్తే హాయిగా అనిపించే వేడి, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు, దొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ. షుగరున్నవాళ్ళకి వేడి తెలియక కాలే ప్రమాదం ఉంది, ఇంకొకరి చేత చూపించండి. డెట్టాల్, స్పిరిట్ పోయకండి, కొత్త కండని అవి మాడ్చేస్తాయి. మా వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని తాగే నీళ్ళే కాచి వాడుకున్నాం. పసుపు, కాఫీపొడి అద్దమనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. తెరిచిన పుండులో అవేవీ వద్దు.

దొడ్డికి వెళ్ళాలంటే భయం

భయంతో ఆపుకుంటే మలం గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి పెరిగి, మరుసటిరోజు భయం ఇంకా ఎక్కువవుతుంది. దానికి తోడు ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. నేను మూడు రోజులు ఆపుకుని నాలుగోరోజు పడ్డ బాధ ఆపరేషన్ నొప్పి కన్నా ఎక్కువ.

మొదటిరోజు నుంచే మలం మెత్తగా ఉంచుకోండి. రాత్రి ఇసబ్గోల్ పొట్టు పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, నీళ్ళు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. లాక్టులోజ్ సిరప్ రాసిస్తే మానకండి. రోహిణీ కార్తె ఎండల్లో చెమటకే ఒళ్ళు ఎండిపోతుంది, అందుకని నీళ్ళు, మజ్జిగ రెండున్నర మూడు లీటర్లకు తగ్గకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటవద్దు. ముక్కకండి, ఫోను పట్టుకుని అరగంట కూర్చోకండి. ఎనిమా మీ అంతట మీరు పెట్టుకోకండి.

"పప్పు తింటే చీము పడుతుంది"

మా అమ్మ పప్పు, గుడ్డు, వంకాయ అన్నీ ఆపించి చారన్నం పెట్టింది. ప్రేమతో చేసిందే గానీ, కండ పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు వల్ల చీము పట్టదు. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, అరటిపండు, రాగి సంగటి తినండి. తగ్గించాల్సింది కారం. మిరపకారంలో మంట పుట్టించేది దొడ్డి దారినే బయటికి పోతూ పుండుని మండిస్తుంది. చేపల పులుసు కొన్నాళ్ళు పిల్లలకి చేసినట్టు చప్పగా చేయించుకోండి. బీడీ, సిగరెట్టు పుండు మానడాన్ని వెనక్కి లాగుతాయి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వాడుతుంటే నోరు చేదుగా ఉంటుంది, దానికి మానేయకండి. ఆ మాత్రలు వాడే రోజుల్లో మద్యం ముట్టవద్దు.

తడి, వాసన, దురద

మొదటి వారాల్లో రసి, కొంచెం రక్తం కారడం మామూలే. తడి చర్మం నాని దురద పెడుతుంది. మెడికల్ షాపులో దొరికే ఆడవాళ్ళ ప్యాడు మగవాళ్ళూ లోపల పెట్టుకోవచ్చు, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. తడవగానే మార్చండి. తుడవకుండా మెత్తని నూలుగుడ్డతో అద్దండి. తగ్గుతూ వచ్చిన వాసన ఒక్కసారిగా పెరిగితే చూపించండి.

కూర్చోవడం, బండి

గాలి ట్యూబు లాంటి గుండ్రటి దిండు మంచిదనుకుని కొన్నా. నడుమ ఖాళీ ఉండటంతో పుండు చుట్టూ చర్మం సాగి లాగుతుంది. మామూలు మెత్తటి దిండే నయం. పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. కాసేపు నడవడం మంచిదే. బండి, గుంతల రోడ్డులో షేర్ ఆటో మాత్రం డాక్టరు సరేననేదాకా వద్దు.

నడుముకి మత్తు ఇచ్చినవాళ్ళకి లేస్తే తలనొప్పి, పడుకుంటే తగ్గడం ఉండొచ్చు. నీళ్ళు, కాఫీ తాగి పడుకోండి, తగ్గకపోతే ఫోన్ చేయండి. మూత్రం ఆరేడు గంటలు రాకపోతే ఇంట్లో కూర్చోకూడదు.

ఆగకుండా బయల్దేరాల్సినవి

ప్యాడు నిండా తడిపే రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి, ఆసుపత్రికి బయల్దేరండి. 100.4 దాటిన జ్వరం, వణుకు, తగ్గిన నొప్పి మళ్ళీ సలపడం, ఎరుపు పాకడం కనబడితే అదే రోజు చూపించుకోండి. అన్నిటికన్నా భయపడాల్సింది ఇంకోటి ఉంది. కనబడే పుండుకి మించిన నొప్పి, వాపు వృషణాల వైపు పాకడం, చర్మం నల్లబడటం, నొక్కితే కరకరలాడటం, కుళ్ళు వాసన, మగత. షుగరున్నవాళ్ళలో ఇది ఎక్కువ, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. తెల్లారనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. షుగరుందో లేదో తెలియనివాళ్ళు ఈ గడ్డ వచ్చినప్పుడే పరీక్ష చేయించుకోవాలి. ఉన్నవాళ్ళకి చీము పట్టినప్పుడు షుగర్ ఇంకా పెరుగుతుంది, అది దిగకపోతే పుండూ మానదు.

రెండు నెలలైనా చుక్క చుక్క కారుతోంది

లోపలి గ్రంథి నుంచి చర్మం దాకా సన్నటి సొరంగం మిగిలిపోయి ఉండొచ్చు. దీన్నే భగందరం, ఫిస్టులా అంటారు. ఇలా గడ్డ కోయించుకున్న 100 మందిలో 30 నుంచి 50 మందికి వస్తుంది. మీ నిర్లక్ష్యం వల్లే వచ్చిందని కుమిలిపోకండి. చిన్న పొక్కులా ఉబ్బడం, పగిలి కారడం, ఎండడం, మళ్ళీ ఉబ్బడం దీని గుర్తు. మాత్రలతో మూసుకోదు. సర్జన్ చూసి, అవసరమైతే ఎంఆర్ఐ తీయించి, సొరంగాన్ని తెరవడమో అందులోంచి దారం వేయడమో చేస్తారు. మలాన్ని ఆపుకునే కండరం దెబ్బతినకుండా చేయాల్సిన పని ఇది. బస్టాండు గోడల మీద "ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజక్షన్‌తో" అని రాసినవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. వెళ్ళేటప్పుడు మొదటి ఆపరేషన్ కాగితం, ఎన్నో రోజున ఎంత కారిందో రాసుకున్న చీటీ తీసుకెళ్ళండి. నా దగ్గర చీటీ ఉండబట్టే సిస్టరమ్మ చూసి, పుండు పదో రోజున పైపైన మూసుకుందని చెప్పగలిగింది.