బండి కట్టే ముందు గుర్రాన్ని వెనక నుంచి తోలడం ఎలా?

మా వైపు గుర్రాన్ని కొన్న వారానికే పెళ్లి బండికి కట్టేస్తున్నారు. బాజాలు మొదలవగానే అది బెదిరి బండిని పంటబోదెలోకి ఈడ్చుకుపోతే, గుర్రం పొగరుమోతుదని తేల్చేస్తారు. పొగరు కాదండీ, వెనక నుంచి వచ్చే మాట, కాళ్లకు తగిలే తాడు దానికి ఎవరూ అలవాటు చేయలేదు. బండి లేకుండా, వెనక నడుస్తూ పొడవాటి పగ్గాలతో తోలడం కనీసం నెల రోజులు చేయాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మూతిపట్టీ ఉన్న తలకట్టు, రెండు పక్కలా రింగులున్న పొట్టపట్టీ, 25 నుంచి 30 అడుగుల నూలు తాళ్లు రెండు. మీకు గ్లౌజులు, బూట్లు, హెల్మెట్. కొబ్బరి తాడు ఇక్కడ చవకే గానీ తొడకు ఒరుసుకుంటే చర్మం లేచిపోతుంది. కళ్లెం మొదటి పదిహేను రోజులు నేనైతే పెట్టను. నోరు నొప్పెడితే గుర్రం వినడం మానేస్తుంది.

చోటు ముఖ్యం. కాలువ గట్టు వద్దు, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క లారీ హారన్లు. దాళ్వా (రెండో పంట వరి) కోసిన చేలు ఖాళీగా కనిపిస్తాయి కానీ ఎండకు నేల నెర్రెలిచ్చి డెక్క ఇరుక్కుంటుంది. నది మధ్య లంకల్లో గట్టిపడిన తడి ఇసుక నాకు ఇష్టం.

పక్కన నిలబడి ‘పద’, ‘ఆగు’ నేర్పడం మూడు రోజుల పని. అసలు కష్టం రెండో తాడు, అంటే అవతలి పక్క పగ్గం, వెనక కాళ్ల మీదికి తీసుకెళ్లడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

గుర్రాన్ని కట్టేయకండి. తల దగ్గర ఒక మనిషిని పెట్టుకోండి, ఇద్దరూ ఒకే పక్కన ఉండాలి. ముందు అరచేత్తో నడుము నుంచి పిర్రల మీదుగా తొడ దాకా నిమరండి. తర్వాత చుట్టగా చుట్టిన తాడుతో అదే చోట రుద్దండి. చెవులు వెనక్కి వాల్చి తోక బిగపడితే అక్కడే ఆగండి, తాడు తీసేయకండి. తన్నగానే తీస్తే తన్నితే పోతుందని నేర్చుకుంటుంది. తల కిందికి దించి పెదాలు నాకినప్పుడు తీయండి. అలా రోజూ చేయగా చేయగా, తాడు తొడ వెనక జారినా కదలకుండా నిలబడుతుంది. నా దగ్గర ఒకదానికి పదకొండు రోజులు పట్టింది.

అప్పుడు రెండో తాడును వీపు మీదుగా వేసి, నెమ్మదిగా పిర్రల మీద నుంచి జార్చి వెనక మోకీలుకు పైన నిలపాలి. అది ముందుకు దూకితే బయటి తాడు వదిలేయండి, మీ పక్క తాడుతో గుండ్రంగా తిప్పుకోండి. రెండూ పట్టి లాగితే దానికి పారిపోవడం తప్ప దారుండదు. తోక కింద తాడు ఇరికితే గుంజవద్దు, సడలించండి, అదే వదులుతుంది.

తాడు చేతికి చుట్టుకోవద్దు. ఒకసారి బద్ధకించి చుట్టుకున్నాను, నా చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. మిగిలిన తాడు మడతలు పేర్చి పట్టుకోవాలి.

మా ఊళ్లల్లో గుర్రమెక్కిన కాటన్ దొర విగ్రహాలు చూసి చూసి, గుర్రాన్ని లొంగదీయాలంటే ఎక్కడమే అనుకుంటారు కుర్రాళ్లు. ఎక్కినవాడి బరువు దానికి తెలుస్తుంది, వెనక ఉన్నవాడు కనపడడు. సరిగ్గా తోక వెనక గుర్రానికి చూపు ఆనదు. అందుకే మొదట తుంటి పక్కగా నడవండి, అలవాటయ్యాక పది అడుగులు వెనక్కి, కాస్త ఓరగా రండి. తిప్పేటప్పుడు ఒక పగ్గం తీసుకుంటే రెండోది అంతే ఇవ్వాలి. ఆగగానే రెండూ సడలించాలి.

కంచరగాడిదైతే పక్కకు కూడా తన్నగలదు, తుంటి దగ్గర జాగ్రత్త. ఒకసారి భయపడిన చోటు అది మరిచిపోదు. కొడితే మొండికేస్తుంది. దాన్ని తోలేటప్పుడు నేను చర్నాకోల ఇంట్లోనే వదిలేస్తాను.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు, ఎండెక్కక ముందే. బాగా చేసిన రోజు పదిహేను నిమిషాలకే పట్టీ విప్పేసి, చెమట పట్టిన చోట నీళ్లు పోసి కడగండి.