రెంబ్రాంట్ నకలులో వెలవెలబోయిన నీడలు: నా అనుభవం

తిరుపతిలో కపిలతీర్థం దారిలోని మా మేడగదిలో కూర్చుని, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్న, డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 1659 నాటి స్వీయచిత్రానికి, అచ్చు ప్రతి చూసి తైలవర్ణాలలో నకలు వేయడం మొదలుపెట్టాను. వెలుగు పడే చోట రంగు దళసరిగా, నీడలో పలుచగా ఉండడమే ఆ ముఖం నేర్పే మొదటి పాఠం. నీడల కోసం నేను రంగును పలుచన చేసే ద్రావకమైన టర్పెంటైన్‌ను ధారాళంగా కలిపాను. వారం తిరిగేసరికి చెంప కింద, టోపీ అంచున బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు వేసిన చోట్లు మెరుపు పోయి బూడిద పూసినట్టు కనిపించాయి. రంగు తప్పిందనుకొని పైన నలుపు పూయడం నా రెండో తప్పు. నీడ లోతెక్కలేదు సరికదా, మసిగుడ్డలా తయారైంది.

అసలు లోపం రంగుది కాదు, నూనెది. కాన్వాసుకు ముందుగా పూసిన, నూనెను పీల్చుకునే అడుగుపూత (ప్రైమర్), అతిగా పడిన టర్పెంటైన్ కలిసి, రంగుపొడిని పట్టి ఉంచవలసిన నూనెను తక్కువ చేశాయి. పచ్చిగా ఉన్న నలుపును గీకి తీసి, కింది పొరను తాకితే అంటనంతగా ఆరనిచ్చి, వెలిసిన చోట్ల మాత్రమే అవిసె నూనెను నూలుగుడ్డతో అతి పలుచగా రుద్ది, మిగిలినదంతా తుడిచేశాను. నీడలు వెంటనే తేరుకున్నాయి. తరువాతి ప్రతి పొరలోనూ కిందిదానికంటే నూనె కాస్త ఎక్కువ ఉండేలా చూసుకున్నాను. ఇది తలకిందులైతే పై పొర బీటలు వారుతుంది.

అన్నట్టు, అవిసె నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. మన మే నెల ఎండల సంగతి తెలిసిందే కనుక, వాటిని నీళ్లలో తడిపి, పరిచి ఆరబెడుతున్నాను. ముక్కు మీది వెలుగు మాత్రం ఇంకా కుదరలేదు.