అసెంబ్లీకి నామినేషన్ వేసే ముందు చూసుకోవాల్సినవి

ప్రచార రథం తర్వాత, ముందు కాగితాలు సరిచూసుకోండి. చిన్న పొరపాటుకే నామినేషన్ చెల్లకుండా పోతే కార్యకర్తల కష్టమంతా వృథా.

అన్నిటికంటే జాగ్రత్తగా నింపాల్సింది ఫారం 26 అఫిడవిట్, అంటే మీ కేసులు, ఆస్తులు, అప్పులు తెలిపే ప్రమాణపత్రం. ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. కేసులు లేకపోతే ‘లేవు’ అని, సంబంధం లేని చోట ‘వర్తించదు’ అని రాయండి. గీత గీసి వదిలేస్తే కుదరదు. నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి చెప్పినా ఖాళీలు నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. భార్య లేదా భర్త, మీపై ఆధారపడినవారి ఆస్తులు, అప్పులు కూడా రాయాలి. బంగారం, బ్యాంకు లోన్లు మర్చిపోవద్దు. ఓటరుకు మీ గురించి నిజం తెలియడానికే ఈ కాగితం.

ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే తెరవాలి. టెంట్ల వాళ్లకైనా, జీపుల వాళ్లకైనా ఎన్నికలు ముగిసేలోపు ఒక్కొక్కరికి మొత్తం 10,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు. ఆపైన చెక్కో, ఆన్‌లైనో. ఏ రోజు బిల్లు ఆ రోజే రిజిస్టర్‌లో ఎక్కించండి. 2022 సవరణ ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అసెంబ్లీ అభ్యర్థి మొత్తం ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. ఓడినా సరే ఇవ్వాల్సిందే. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్ల అనర్హత పడొచ్చు.

డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000.

పార్టీ అభ్యర్థులైతే ఫారం ఎ, బి (మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రాలు) నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. స్వతంత్రులకు అదే నియోజకవర్గంలో ఓటున్న పదిమంది ప్రతిపాదకులు కావాలి.

నామినేషన్ ఇచ్చాక రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయడం చాలామంది మర్చిపోతారు. నామినేషన్ల పరిశీలన తేదీకి ముందే చేసేయండి.