పోర్షే 944 టర్బో ఇంజిన్ పని: బూస్ట్ కన్నా ముందు ఆయిల్ సంగతి చూడండి

944 టర్బో కొన్నవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది, "బూస్ట్ ఎంతవరకు పెంచొచ్చు?" అని. నేను తిరిగి అడిగేది, "రెండో రాడ్ బేరింగు ఎప్పుడు చూశారు?" అని. బూస్ట్ అంటే టర్బో సిలిండర్లలోకి అదనంగా నెట్టే గాలి ప్రెజర్. రాడ్ బేరింగు అంటే పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే షెల్. ఇది చాలా గట్టి ఇంజిన్. క్రాంకూ పిస్టన్లూ కంపెనీ నుంచే ఫోర్జింగ్ చేసినవి వచ్చాయి. పవర్ తట్టుకోలేక పోయిన 944 ఇంజిన్లు తక్కువ. ఆయిల్ అందక పోయినవి, కూలెంట్‌లో గాలి చేరి పోయినవి, పాత బెల్టు తెగి పోయినవి ఎక్కువ. అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు అడుగు భాగం, తర్వాత హెడ్, ఆ తర్వాత బెల్టులూ కూలింగూ. టర్బో, ఇంజిన్ కంప్యూటర్ చిప్పులు అన్నిటికన్నా చివర.

నా కారు 1987 మోడల్. డాలస్‌లో మా ఇంటి గరాజ్‌లోనే ఇంజిన్ దింపి, కట్టి, మళ్లీ ఎక్కించాను. బోరు పనీ హెడ్ పనీ మాత్రం బయట చేయించాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లకు రీబోరింగ్ చేసేవారు. కొలవకుండా ఏ భాగమూ బిగించకూడదన్న అలవాటు నాకు ఆయన దగ్గర వచ్చింది. ఈ ఇంజిన్‌కి ఆ అలవాటు చాలా అవసరం.

కారు వివరాలు కొంచెం చెప్పుకుందాం. 2.5 లీటర్లు, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. బోరు 100 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 78.9, కంప్రెషన్ 8:1. కేకేకే కంపెనీ కే26 టర్బో, సుమారు 0.75 బార్ బూస్ట్, 220 హార్స్‌పవర్. 1988లో వచ్చిన టర్బో ఎస్‌లో పోర్షే వాళ్లే టర్బైన్ వైపు కొంచెం పెద్దది పెట్టి 250కి తీసుకెళ్లారు. అంటే ఆ మేరకు ఈ ఇంజిన్ మోయగలదని తయారుచేసినవాళ్లే చూపించారన్నమాట.

విప్పే ముందు రోగం ఏంటో తెలుసుకోండి. కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే సరిపోదు, లీక్‌డౌన్ టెస్ట్ కూడా చెయ్యాలి. పిస్టన్ పై కొనలో ఉండగా సిలిండర్‌లోకి గాలి పంపి, అది ఎటు పోతోందో చెవి పెట్టి వినండి. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. కూలెంట్ ట్యాంకులో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతల కాగితాన్ని పిండి, ఎండలో పెట్టి చూడండి. మెరిసే పొడి కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. మెరుస్తూ కూడా అంటుకోలేదంటే అది చాలావరకు బేరింగు షెల్ మీది మెత్తటి పూత. అలాంటి పొడి కనిపించాక ఆ ఇంజిన్‌ని ఇక నడపకండి.

పొడి లేదు, ఆయిల్ ప్రెజర్ బాగుంది, లీక్‌డౌన్ బాగుంది అంటే మొత్తం విప్పక్కర్లేదు. ఇంజిన్‌ని పైనుంచి బార్‌కి వేలాడదీసి, ముందు క్రాస్‌మెంబర్ దింపితే ఆయిల్ పాన్ కిందికి వస్తుంది. కారులో ఉండగానే రాడ్ బేరింగులు మార్చుకోవచ్చు. చరిత్ర తెలియని 944 టర్బో కొన్న ఎవరికైనా నేను ముందు చెప్పే పని ఇదే.

మొత్తం దింపాల్సి వస్తే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ కారులో గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గర ఉంటుంది, మధ్యలో ఇంజిన్ శక్తిని వెనక్కి తీసుకెళ్లే షాఫ్ట్ ఉన్న టార్క్ ట్యూబ్. క్లచ్ మార్చాలంటేనే సగం కారు విప్పాలి. కాబట్టి ఇంజిన్ బయట ఉన్నప్పుడే క్లచ్, వెనక క్రాంక్ సీల్, ఇంజిన్ మౌంటులు మార్చేయండి. మౌంటులు లోపల ద్రవం నింపినవి, ముప్పై ఏళ్లు దాటాక కుంగిపోయే ఉంటాయి. బెల్ హౌసింగ్ మీద పక్కపక్కనే రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకటి స్పీడ్‌కి, ఒకటి రిఫరెన్స్‌కి. విప్పేటప్పుడే వాటి వైర్లకు రంగు టేపు చుట్టండి. తారుమారైతే ఇంజిన్ స్టార్ట్ అవ్వదు. రిఫరెన్స్ సెన్సర్‌కి గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అసలు పని, అడుగు భాగం.

నాలుగు రాడ్ బేరింగుల్లో ముందుగా పోయేది రెండోది. దీని కారణం మీద వాదనలు చాలా ఉన్నాయి. ట్రాక్ మీద పొడవైన మలుపుల్లో ఆయిల్ పాన్‌లో ఒక పక్కకి చేరి ఆయిల్ పీల్చే పికప్ పైపు గాలి పీలుస్తుంది, ఆయిల్‌లో నురగ పెరుగుతుంది, ఆ దెబ్బ ముందు రెండో నంబర్‌కి తగులుతుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. దీనికి చెయ్యాల్సినవి: పాన్‌లో బాఫుల్స్ (అడ్డు రేకులు) పెట్టించడం, క్రాంక్ పక్కన నురగ గీకే స్క్రేపర్ బిగించడం, ఆయిల్ డిప్‌స్టిక్ మీద ఎప్పుడూ పై గీత దగ్గరే ఉంచడం. ఆయిల్ పికప్ పైపుని తప్పకుండా చేతిలోకి తీసుకుని అతుకుల దగ్గర చూడండి. అదురుకి అక్కడ పగులుతుంది. పగుల్లేకపోయినా ఒక చిన్న బ్రేస్ వెల్డింగ్ చేయించండి.

క్రాంక్ జర్నళ్లని మైక్రోమీటర్‌తో రెండు దిక్కుల్లో కొలవండి, గుండ్రతనం తెలుస్తుంది. కొత్త షెల్స్ పెట్టాక ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే సన్నటి ప్లాస్టిక్ తీగ) వేసి క్లియరెన్స్ చూడండి. రాడ్ బోల్టులు, నట్లు పాతవి వాడకండి. రాడ్ నట్ల టార్క్ 75 న్యూటన్ మీటర్లు, దారాలకు నూనె రాసి బిగించాలి. వేరే కంపెనీ బోల్టులు వేస్తే ఆ కంపెనీ చెప్పిన కొలతే పాటించండి.

మెయిన్ బేరింగు క్యాపులు ఈ ఇంజిన్‌లో విడివిడిగా ఉండవు. అన్నీ కలిసి ఒకే దిమ్మలా బ్లాక్ కిందికి వస్తాయి. ఆ దిమ్మా బ్లాకూ కలిపి బోర్ చేసిన జంట, ఇంకో ఇంజిన్ దిమ్మ తెచ్చి వేస్తే కుదరదు. రెండిటి మధ్య గాస్కెట్ లేదు. లాక్‌టైట్ 574 లాంటి సీలెంట్‌ని చిన్న రోలర్‌తో సన్నగా పూయాలి. ఎక్కువ పూస్తే మిగిలింది ఆయిల్ రంధ్రాల్లోకి పోతుంది. పూసే ముందే బోల్టులన్నీ వరుసగా పేర్చుకుని, టార్క్ రెంచ్ సెట్ చేసుకుని, పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. ఒకసారి మొదలుపెట్టాక ఆగకూడదు.

బోరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి బ్లాకులు ఇక్కడే పాడవుతున్నాయి. మన లారీ ఇంజిన్లలో ఇనుప లైనర్లు ఉంటాయి, అరిగితే మారుస్తాం. ఈ బ్లాక్‌లో లైనర్లే లేవు. బ్లాక్ మొత్తం ఆల్యూసిల్, అంటే సుమారు 17 శాతం సిలికాన్ కలిపిన అల్యూమినియం. పిస్టన్ రింగులు నడిచేది అల్యూమినియం మీద కాదు, సిలికాన్ గింజల మీద. మొజాయిక్ నేలకి పాలిష్ పడితే రాళ్లు తేలినట్టు, ఇక్కడ మెత్తటి అల్యూమినియాన్ని కాస్త వెనక్కి తగ్గించి గట్టి గింజల్ని పైకి తేల్చాలి. దానికి ప్రత్యేకమైన సిలికాన్ పేస్టూ మెత్తటి ప్యాడ్లూ ఉన్నాయి. ఇనుప బ్లాక్‌కి వాడే హోనింగ్ రాళ్లతో గీసి వదిలేస్తే గింజలు పగిలి ఊడిపోతాయి, కొత్త రింగులు వేసినా ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. మా ఊరి మెషీన్ షాపు ఒకటి "అన్ని బ్లాకులూ ఒకటే" అంది, నేను బ్లాక్ తీసుకుని ఇంటికొచ్చేశాను. మీరు షాపుకి వెళ్లినప్పుడు ఒక్కటే అడగండి: "ఆల్యూసిల్‌కి చివరి పాలిష్ దేనితో పడతారు?" జవాబు వెంటనే, స్పష్టంగా రావాలి.

పిస్టన్ల విషయం కూడా ఇందులోదే. ఆల్యూసిల్ గోడ మీద నడిచే పిస్టన్ స్కర్ట్‌కి ఇనుప పూత ఉండాలి, లేకపోతే అల్యూమినియం మీద అల్యూమినియం రాసుకుని పట్టేస్తుంది. మామూలు ఫోర్జ్‌డ్ పిస్టన్లు చవగ్గా వచ్చాయని కొనకండి. అలాంటివే వాడాలనుకుంటే బోరుకి నికాసిల్ పూత గానీ, ఇనుప స్లీవులు గానీ వేయించాలి. గీతలు పడ్డ బ్లాక్‌కి, ఎక్కువ బూస్ట్ కోరుకునేవాళ్లకి స్లీవులు మంచి దారే. 944 ఎస్2లో వచ్చిన 88 మిల్లీమీటర్ల స్ట్రోక్ క్రాంక్ వేసి సుమారు 2.8 లీటర్లు చేసేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి ఇంజిన్ కడుతున్నవాళ్లకి నేనది చెప్పను. 2.5 లీటర్లనే శుభ్రంగా కట్టండి.

బేరింగు పోయి విప్పిన ఇంజిన్ అయితే ఇంకొక మాట. టర్బోకి ఆయిల్ కూలర్ కారు ముక్కులో ఉంటుంది, గాలికి చల్లబడుతుంది. పోయిన బేరింగు పొడి దాని సన్నటి గొట్టాల్లో దాక్కుంటుంది, ఎంత కడిగినా మొత్తం రాదు. కొత్త ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే అది తిరిగి లోపలికొస్తుంది. కూలర్ మార్చండి, పైపులు కడగండి లేదా అవీ మార్చండి. చాలామంది డబ్బు మిగుల్చుకోవాలని చూసేది ఇక్కడే. దయచేసి ఇక్కడ వద్దు.

హెడ్ పని దీనికన్నా తేలిక. క్యామ్ హౌసింగ్ పైకెత్తగానే హైడ్రాలిక్ ట్యాపెట్లు కిందికి జారి పడతాయి, కింద గుడ్డ పరిచి ఎత్తండి, ఏది ఎక్కడిదో వరుసలో పెట్టండి. టర్బో హెడ్‌లో ఎగ్జాస్ట్ పోర్టుల లోపల సిరామిక్ పొర ఉంటుంది. అది చిట్లితే ముక్కలు నేరుగా టర్బైన్ రెక్కల్లోకి పోతాయి, టార్చ్ వేసి ఒక్కో పోర్టూ చూడండి. అక్కడ గ్రైండర్ పెట్టనివ్వకండి. గాస్కెట్ కూర్చునే చోట నీటి రంధ్రాల చుట్టూ అల్యూమినియం తినేసి ఉంటుంది, అవసరమైతే వెల్డింగ్ చేసి మట్టం పట్టించాలి. బూస్ట్ పెంచే ఉద్దేశం ఉంటే వెడల్పు ఫైర్ రింగ్ ఉన్న గాస్కెట్, కొత్త హెడ్ స్టడ్లు ఇప్పుడే వేసుకోండి.

బెల్టులు రెండు. ఒకటి క్యామ్‌కి, ఇంకొకటి బ్యాలెన్స్ షాఫ్టులకి. ఆ షాఫ్టులు మిత్సుబిషీ పేటెంట్ కిందవి, క్రాంక్ కన్నా రెండింతల వేగంతో తిరిగి పెద్ద నాలుగు సిలిండర్ల అదురుని చంపుతాయి. క్యామ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. కాబట్టి రోలర్లు, వాటర్ పంపు, ముందు సీల్స్ అన్నీ బెల్టులతో పాటే కొత్తవి. ఇంజిన్‌ని ఎప్పుడూ సవ్యదిశలోనే తిప్పండి, వెనక్కి తిప్పితే పన్ను జారొచ్చు. క్రాంక్ బోల్టు 210 న్యూటన్ మీటర్లు. పోర్షే గేజ్ దొరికితే టెన్షన్ దానితోనే కొలవండి, వేలితో నొక్కి అంచనా కట్టొద్దు.

కూలెంట్ ఫాస్ఫేట్ లేనిది పోయండి. కారు ముక్కు పైకి లేపి, హీటర్ పూర్తిగా తెరిచి, ఇంజిన్ ముందున్న బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు ఆగేదాకా గాలి తియ్యాలి. ఈ ఒక్క పనిలో తొందరపడి కొత్త గాస్కెట్ కాల్చుకున్నవాళ్లని చూశాను. టర్బోని చల్లబరచడానికి ఒక చిన్న కరెంటు వాటర్ పంపు ఉంటుంది, ఇంజిన్ ఆపాక కూడా కాసేపు తిరుగుతుంది. కీ తీశాక ఆ శబ్దం వినిపించాలి. డాలస్ ఎండల్లో అది పనిచెయ్యకపోతే టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

మొదటి స్టార్ట్‌కి ముందు డీఎంఈ (ఇంజిన్ కంప్యూటర్) రిలే పీకెయ్యండి. పెట్రోలూ స్పార్కూ రెండూ ఆగిపోతాయి. టర్బో ఆయిల్ పైపులో చేత్తో ఆయిల్ పోసి, గేజ్‌లో ప్రెజర్ కనిపించేదాకా విడతలుగా క్రాంక్ చెయ్యండి. స్టార్టర్‌కి మధ్యమధ్యలో విశ్రాంతి ఇవ్వండి. తర్వాతే రిలే పెట్టండి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేస్తే రింగులు కూర్చోవు. లీకులు చూసుకుని, రోడ్డు మీదికి తీసుకెళ్లి, మధ్యస్థంగా లోడ్ ఇచ్చి వదులుతూ నడపండి. బూస్ట్‌లోకి వెళ్లొద్దు. మొదటి ఆయిల్ త్వరగా మార్చి, ఆ ఫిల్టర్ కూడా కోసి చూడండి.

ఇక పవర్. చిప్పులు కొనేముందు ఇన్‌టేక్‌కి గాలి పట్టించి లీకులు వెతకండి. ఇంటర్‌కూలర్ రబ్బరు గొట్టాలు, వ్యాక్యూమ్ పైపులు ఎండిపోయి చీలి ఉంటాయి. బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే వేస్ట్‌గేట్, స్ప్రింగ్ బలం తగ్గి ముందే తెరుచుకుంటుంది. ఇవి సరిచేస్తే చాలామందికి "కొత్త టర్బో వేశావా" అనిపించేంత తేడా వస్తుంది. ఆ తర్వాత వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకోండి, మిశ్రమం పల్చబడుతోందో లేదో కంటికి కనిపించాలి. కేఎల్‌ఆర్ అనే నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) కంట్రోల్ బాక్సుని పీకెయ్యమని ఎవరు చెప్పినా వినకండి. నాక్ వస్తే ఇగ్నిషన్ వెనక్కి లాగి, బూస్ట్ తగ్గించి పిస్టన్లని కాపాడేది అదే.

మంచి చిప్పులు, 3 బార్ ఫ్యూయల్ రెగ్యులేటర్, రెండు పోర్టుల వేస్ట్‌గేట్, 93 ఆక్టేన్ పెట్రోలు ఉంటే 1 బార్ దాకా పాత ఇంజెక్టర్లతోనే నెట్టుకురావచ్చు. అంతకు మించితే పెద్ద ఇంజెక్టర్లు, లోపలికొచ్చే గాలిని కొలిచే పాత రెక్క మీటర్ బదులు మాఫ్ సెన్సర్, పెద్ద టర్బో అన్నీ కలిపి ఆలోచించాలి. ఒక్కటే మారిస్తే మిగతావి వెనకబడతాయి. డ్యాష్‌లోని బూస్ట్ గేజ్ మొత్తం ప్రెజర్ చూపిస్తుంది, అంటే అందులో 2 అని కనిపిస్తే అది 1 బార్ బూస్ట్. 2,000 మైళ్ల దగ్గర కవర్ తీసి బెల్టు టెన్షన్ మళ్లీ కొలవండి, లీక్‌డౌన్ మళ్లీ చెయ్యండి. అంకెలు నిలబడితే బూస్ట్‌ని 0.1 బార్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ వైడ్‌బ్యాండ్ రీడింగ్ రాసుకుంటూ వెళ్లండి.